నలభై పేజీలు

గొర్రె తుంటి ఎముక తొలోముష్ ముక్కు కింద నుంచే సాగిపోయి బెక్తూర్ పళ్ళెంలో పడింది.

తొలోముష్ అప్పటికే చొక్కా చేతులు మోచేతుల దాకా మడుచుకుని, జేబులోంచి చిన్న కత్తి తీసి తుడుచుకుని, మాంసం ఏ వైపు నుంచి కోయాలో కూడా మనసులో నిర్ణయించుకుని ఉన్నాడు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. ఆ బల్ల చుట్టూ అతనికన్నా పెద్దది గోడ గడియారం ఒక్కటే. తుంటి ఎముక పంక్తిలో పెద్దవాడిదని పాలు తాగే పిల్లకి కూడా తెలుసు. పంచుతున్న బెగిమాయ్‌కి తెలియదా?

“ఇవాళ వయసు లెక్క లేదు, పని లెక్క,” అంది బెగిమాయ్ నవ్వుతూ. “ఏడో కూర్పుని నిలబెట్టింది బెక్తూర్ చీపురు. అవునా కాదా?”

అందరూ బల్ల మీద చేతులతో దబదబా చరిచారు. కెర్బెన్ ఏడో కూర్పు విడుదలైన విందు అది. కెర్బెన్ అంటే కంప్యూటర్‌కి పనులు చెప్పే భాష. ప్రపంచం మొత్తం మీద రెండువందల పదకొండు మంది దాన్ని ఇష్టం కొద్దీ రాస్తూ, దిద్దుతూ ఉంటారు. వాళ్ళలో ఏడుగురు బిష్కెక్‌లో ఉంటారు. ఆ ఏడుగురికీ బెగిమాయ్ నాయకురాలు.

బెక్తూర్ సగం లేచాడు. ముప్ఫై ఒకటేళ్ళ వాడు, నారిన్ కొండల నుంచి వచ్చినవాడు, సిగ్గుపడితే చెవులు ఎర్రబడతాయి. “ఎజే, అక్కా, ఇది బైకేది. అన్న ముందుండగా నేనెలా తింటాను?” అని పళ్ళెం ఇటు జరిపాడు.

“ఉంచుకో తమ్ముడూ,” అన్నాడు తొలోముష్. “నాకు పళ్ళు బాగాలేవు.”

అని, తనకొచ్చిన మోకాలి కింది ఎముకని పటపటమని కొరికాడు. ఆ చప్పుడుకి పక్క బల్ల వాళ్ళు కూడా తిరిగి చూశారు.

ఊడ్చే పని మొదట తొలోముష్‌దే. ప్రోగ్రామ్ నడుస్తున్నంతసేపూ కంప్యూటర్ జ్ఞాపకంలో పాత సామాను పేరుకుపోతుంది. ఎవరో ఒకరు ఊడవాలి. తొలోముష్ కట్టిన చీపురు, పద్ధతిగల ఇల్లాలిలా, అందరినీ కాళ్ళు పైకెత్తి కూర్చోమని చెప్పి ఊడ్చేది. ఆ రెండు క్షణాలూ ప్రోగ్రామ్ ఆగిపోయేది. బెక్తూర్ చీపురు నడుస్తున్నవాళ్ళ కాళ్ళ మధ్యనుంచే ఊడ్చేస్తుంది. ఎవరూ ఆగనక్కర్లేదు, అసలు ఊడుస్తున్నట్టే తెలియదు. మూడేళ్ళుగా లోకం దాన్ని పొగుడుతోంది. మూడేళ్ళుగా తొలోముష్‌కి అన్నం సరిగ్గా అరగడం లేదు.

మాంసం అయ్యాక అతను తన పాత కథ ఎత్తుకున్నాడు. “బిష్కెక్‌ని ఇంకా ఫ్రుంజే అనే రోజుల్లో, మా ఇన్‌స్టిట్యూట్‌లో మెషీన్ ఎంత పెద్దదంటే, లోపల దుమ్ము తుడవడానికి వెళ్ళిన ముసలావిడ దారి తప్పింది. మే డేకి లోపలికెళ్ళిన మనిషి నవంబరు పండక్కి బయటపడింది! అప్పటికి ఆవిడకి…”

“బైకే, ఒక్క నిమిషం,” అంది బెగిమాయ్. “బెక్తూర్ మాట్లాడతాడు.”

బెక్తూర్ లేచి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక్కి కట్టుకున్నాడు. “చీపురు నాది కాదు,” అన్నాడు. “ఎవరో ఎక్కడో ముందే కట్టి ఉంటారు. నాకు దొరికింది, అంతే.” టాలిన్ సభలో వెయ్యిమంది ముందు కూడా ఇదే మాట అన్నాడు వాడు. అక్కడ లేచి నిలబడి చప్పట్లు కొట్టారట. ఇక్కడ కూడా ఎంత వినయం, ఎంత వినయం అని ఒకరి చెవి ఒకరు కొరుక్కున్నారు.

పొగరుంటే క్షమించవచ్చు. ఈ వినయం మాత్రం తొలోముష్‌కి గొంతులో చేపముల్లులా అడ్డం పడింది. ముసలావిడ నవంబరులో బయటపడ్డాక ఏమైందో ఎవరూ అడగలేదు.

*

సోమవారం పొద్దున తొలోముష్ మూడో అంతస్తులోని తమ పని గదిలోకి వచ్చేసరికి టీ పెట్టి లేదు. కెటిల్ చల్లగా ఉంది. మిగతా ఆరుగురూ గోడకున్న పెద్ద స్క్రీన్ ముందు నిలబడి ఉన్నారు. కెర్బెన్‌లో పనిచేసేవాళ్ళ పేర్లు, ఒక్కో పేరు పక్కన ఒక్కో పచ్చ చుక్క. అందులో కొన్ని బూడిదరంగుకి మారాయి.

“పంతొమ్మిది పోయాయి,” అన్నాడు దానియార్. కెర్బెన్ వాళ్ళు ఒకరికొకరు బాహాటంగా రాసుకునే ఉత్తరాల భాండాగారం చూసుకునే బొద్దు మనిషి అతను. “కాదు, ఇరవై. సియోల్‌లో పార్క్ కూడా పోయాడు.”

“చచ్చిపోయారా ఏంటి అందరూ?” అన్నాడు తొలోముష్.

“చేతులు కట్టేశారు బైకే,” అంది బెగిమాయ్. “హాల్డెన్‌మూర్ అని అమెరికాలో ఓ కంపెనీ. ఏ సరుకూ తయారుచెయ్యదు. పేటెంట్లు కొనుక్కుని ఉత్తరాలు రాయడమే వ్యాపారం. టాలిన్, సియోల్, ఇజ్మీర్… కెర్బెన్ వాడే కంపెనీలన్నిటికీ రాసింది. మీ దాంట్లో ఊడ్చే పద్ధతి మాది, మానెయ్యండి, లేకపోతే కోర్టుకి రండి అని. వాళ్ళు భయపడి, మా మనుషులెవరూ కెర్బెన్ ముట్టుకోవద్దన్నారు.”

“మన మీద వెయ్యచ్చుగా కేసు?”

“మన దగ్గర ఏముంది బైకే పట్టుకుపోవడానికి? ఈ కెటిలా?”

ఎవరూ నవ్వలేదు. స్క్రీన్ మీద ఇంకో చుక్క బూడిదైంది. బెక్తూర్ కిటికీ దగ్గర నిలబడి కింద కాలవలో పారుతున్న మంచునీళ్ళ కేసి చూస్తున్నాడు. వాడి చెవులు ఎర్రగా లేవు, తెల్లగా ఉన్నాయి. తొలోముష్ ఆ చెవులు చూశాడు. అతని కడుపులో ఎక్కడో ఓ చిన్న గంట సన్నగా మోగింది. పండగ గంటే అది. సిగ్గుపడాలని అతనికి తెలుసు. కానీ గంట తన పాటికి తను మోగుతూనే ఉంది.

“ఉత్తరంలో ఆఖరి ముక్క వినండి,” అంది బెగిమాయ్. “‘ఈ పేటెంట్ సంగతి కెర్బెన్ వాళ్ళకి మూడేళ్ళ కిందటే తెలుసు. వాళ్ళలో ఒక పెద్ద స్వయంగా ఒప్పుకున్నాడు. ఆ కాగితం మా దగ్గరుంది.’”

గంట ఆగిపోయింది.

ఈ వృత్తిలో ఓ మడి ఉంది. ఎవరూ పేటెంట్లు చదవరు. తెలియక తొక్కితే శిక్ష ఒకంతు, తెలిసి తొక్కితే మూడంతలు. అందుకని పొరపాటున పేటెంట్ కంటపడినా మొహం తిప్పుకుని పోతారు. చదివానని ఎవరూ చెప్పుకోరు. ఇక నలుగురిలో, ఎన్నటికీ చెరగని చోట, తన పేరు పెట్టి మరీ ఎవడు రాస్తాడు?

తొలోముష్ రాశాడు.

మూడేళ్ళ కిందట, బెక్తూర్ చీపురు మొదటిసారి అందరి ముందుకీ వచ్చిన రోజు, శభాష్‌ల మీద శభాష్‌లు వచ్చి పడుతుంటే అతను ఇలా రాశాడు: “అంత ఎగరకండి. ఇది కొత్త కాదు. అమెరికాలో దీనికి పేటెంట్ ఉంది, నంబరు కింద ఇస్తున్నాను. నలభై పేజీలూ చదివాను. వరస వరసా ఇదే.” కెర్బెన్‌లో ఆధారం లేకుండా ఎదురు చెప్పకూడదని నియమం. అందుకని నంబరు ఇచ్చాడు. ఆ నంబరు నిజం. వెతుకుతుంటే కనబడింది. పేరు చూశాడు, చాలనుకున్నాడు. నలభై పేజీలు మాత్రం ముసలావిడ మెషీన్‌లో తప్పిపోయినంత నిజం.

మధ్యాహ్నం తొలోముష్ దానియార్ పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. “దానియార్, ఉదాహరణకి అడుగుతున్నా. ఎప్పుడో రాసిన ఉత్తరం ఒకటి… అక్షరదోషాలున్నాయనుకో… తీసెయ్యాలంటే?”

“ఎవరిది?”

“ఎవరిదైనా.”

“తియ్యలేం బైకే. పదమూడు దేశాల్లో నకళ్ళున్నాయి. మీరే పెట్టారుగా ఆ నియమం, ఒకసారి అన్న మాట వెనక్కి తీసుకోకూడదని.” దానియార్ అతని మొహం కేసి చూశాడు, తర్వాత తన చేతుల కేసి చూసుకున్నాడు. “అయినా మీ ఉత్తరాల్లో అక్షరదోషాలెక్కడుంటాయి?”

*

మంగళవారం బెగిమాయ్ అందరినీ కూర్చోబెట్టి చెప్పేసింది. బెక్తూర్ చీపురు తీసేద్దాం. తొలోముష్ బైకే పాత చీపురు మళ్ళీ పెడదాం. దాని మీద ఎవడూ కేసు వెయ్యలేడు. నెమ్మదైనా మనదే.

“మీకేమైనా ఇబ్బందా బైకే?”

“నాకేం ఇబ్బంది,” అన్నాడు తొలోముష్. ఆ రోజు అతను గడ్డం గీసుకుని వచ్చాడు, కొత్త చొక్కా తొడుక్కుని వచ్చాడు. ఎందుకు తొడుక్కున్నావని ఇంట్లో భార్య బూరుల్ అడిగితే, పాతది తడిగా ఉందన్నాడు. అది పొడిగా తీగ మీద ఊగుతూనే ఉంది.

పాత కోడ్ తెరిచాడు. పైన అతని పేరు, అతని తేదీ. మూడేళ్ళుగా ఎవరూ తట్టని తలుపులా ఉంది. నవ్వొచ్చింది. ఏడో కూర్పులోకి అది తిన్నగా ఇమడదు. చుట్టూ ఉన్న కోడ్‌లో పేర్లు మారాయి, పక్క భాగాలతో మాట్లాడే తీరు మారింది. ఎక్కడెక్కడ అతుకులు వెయ్యాలో వెతుకుతుంటే, బెక్తూర్ తన కుర్చీ ఎత్తి తెచ్చి పక్కన వేసుకున్నాడు.

“ఈ మూడు చోట్లా నేను మార్చాను బైకే, మళ్ళీ మీ పాత పద్ధతికి తిప్పేస్తాను. మీరు లోపలిది చూడండి.”

“నీ పని నువ్వే పీకుతావా?”

“ఎవరో ఒకరు పీకాలిగా. ఎక్కడ ఏ మేకు కొట్టానో నాకే తెలుసు.”

సాయంత్రం దాకా ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. వాడు సణగలేదు, నిట్టూర్చలేదు. ఒకచోట ఆగి స్క్రీన్ మీద వేలు పెట్టి, “ఇక్కడ మీ రాత ఎంత శుభ్రంగా ఉందో. దీన్ని చూసే నేను ఊడవడం నేర్చుకున్నాను,” అన్నాడు. వెక్కిరిస్తున్నాడేమోనని తొలోముష్ వాడి మొహంలో వెతికాడు. దొరకలేదు. వెక్కిరింత దొరికితే ప్రాణం ఎంత సుఖపడేదో!

నాలుగింటికి పరీక్ష పెట్టారు. ఓష్ నగరంలో అంబులెన్సులని పంపే కేంద్రం వాళ్ళ ప్రోగ్రామ్ కెర్బెన్‌లోనే రాసింది. దాని నకలు మీద ఏ మార్పునైనా మొదట నడిపి చూస్తారు. పిలుపులు వస్తున్నాయి, బండ్లు కదులుతున్నాయి, ఉన్నట్టుండి అంతా బిగుసుకుపోయింది. ఒకటి. రెండు. మూడు. మళ్ళీ కదిలింది. పాత చీపురు ఊడ్చింది. ఇంకాసేపటికి మళ్ళీ ఆగింది. ఇంటింటి ముందూ ఆగే పల్లెటూరి బస్సులా ఉంది.

“పాత రోజుల్లో ఇంత ఆగేది కాదే,” అన్నాడు తొలోముష్.

“అప్పుడు పిలుపులు తక్కువ బైకే,” అన్నాడు బెక్తూర్ మెల్లగా.

స్క్రీన్ మీద పచ్చ చుక్కలు నూట ఎనభై నాలుగు. పైన, ఊడ్చే భాగం బాధ్యులు అన్నచోట, బెక్తూర్ పేరు పోయి తొలోముష్ పేరు వచ్చింది. దాన్ని అతను ఐదారుసార్లు చూసుకున్నాడు. ప్రతిసారీ ఆ పేరు కాస్త చిన్నదైనట్టు అనిపించింది.

*

బుధవారం కజకస్తాన్‌లోని అల్మతీ నుంచి బస్సులో లాయరు వచ్చింది. జనార్ అని, నలభై అయిదేళ్ళుంటాయి. ఇలాంటి ఊరికే రాసేవాళ్ళ కేసులు ఊరికే చూస్తుంది. సరిహద్దు దగ్గర రెండు గంటలు నిలబడిన కోపం ఆమె భుజాల మీద ఇంకా ఉంది. గదిలోకి రాగానే కోటైనా విప్పకుండా ఆ కాగితం చదివింది. “నలభై పేజీలూ చదివాను. వరస వరసా ఇదే.”

“తొలోముష్ అంటే ఎవరు?”

ఏడుగురిలో ఆరుగురు నేల చూపులు చూశారు.

“నేనే,” అన్నాడు.

“చదివారా?”

“చదివాను.” అబద్ధం మూడేళ్ళు నోట్లో నానిందేమో, తడబాటు లేకుండా వచ్చింది.

జనార్ తల ఊపింది. “ఆకలేస్తోంది ఆగా,” అంది, ‘బైకే’ని కజక్ వాళ్ళు అనే తీరులో. “ కింద సంసాలు అమ్ముతున్నారు, నాకు తోడు రండి.”

కింద కాలవ పక్క బెంచీ మీద కూర్చున్నారు. ఆమె వేడి సంసా కొరికి, గడ్డం మీద కారిన కొవ్వు ముంజేత్తో తుడుచుకుని, నెమ్మదిగా తింది. అది పూర్తయ్యాక సంచిలోంచి కవరు తీసింది.

“ఆ పేటెంట్ ఇదే, పదిహేడు పేజీలు ఆగా,” అంది. “అందులో రెండు బొమ్మలు.”

తొలోముష్ నీళ్ళ కేసి చూశాడు. కాలవలో ఎవరిదో చెప్పు కొట్టుకుపోతోంది. అది వంతెన కింద దూరి అవతల తేలింది.

“అక్షరాలు పెద్దవి చేసి చదివానేమో,” అన్నాడు చివరికి.

“ఎంత పెద్దవి? ఒంటెలంతవా?” జనార్ నవ్వలేదు. “చూడండి. వాళ్ళ కేసు మొత్తం మీ ఒక్క మాట మీద నిలబడి ఉంది. మీలో అందరికన్నా తెలిసినవాడే చదివి, రెండూ ఒకటే అన్నాడు అంటున్నారు. మీరు నోరు మూసుకుంటే ఆ మాట అలాగే ఉంటుంది. బెక్తూర్ చీపురు పోతుంది. మీది ఉంటుంది. మీకు మంచిదే.”

“నేను మంచి చెడ్డలు అడిగానా?”

“చదవలేదు, అబద్ధం రాశాను అని మీరు ప్రమాణపత్రం ఇస్తే వాళ్ళ కాలు విరుగుతుంది. కానీ ఉత్త ‘చదవలేదు’ సరిపోదు. ముప్ఫై అయిదేళ్ళ అనుభవం ఉన్న మనిషి కారణం లేకుండా అబద్ధమెందుకు రాస్తాడు అని జడ్జి అడుగుతాడు. కారణం రాయాలి. నలుగురు సాక్ష్యం చెప్పేలా రాయాలి. అది కెర్బెన్‌లో అందరూ చదువుతారు.”

ఆమె రెండో సంసా అతని చేతిలో పెట్టింది. అతను దాన్ని పట్టుకునే ఉన్నాడు. చల్లారిపోయింది.

*

గురువారం పొద్దున బూరుల్ రొట్టె ముక్కలు కోసి, మీగడ గిన్నె ముందుకి తోసింది. అతను జరిగిందంతా చెప్పాడు. చెబుతున్నంతసేపూ ఆవిడ టీ ఊదుకుంటూ ఉంది.

“ఇంతేనా?” అంది.

“ఇంతేనా అంటావేంటే? అసూయతో రాశానని కాగితం మీద పెట్టాలి. లోకమంతా చదువుతుంది.”

“పక్కింటి ఆప్రికాట్ మనదానికన్నా రెండు రోజులు ముందు పూసిందని వారం రోజులు వాళ్ళతో మాట్లాడలేదు నువ్వు. అందులో దాచేదేముందయ్యా? సాక్షి కావాలంటే చెప్పు, సంతకం నేను పెడతాను.”

“నీ సంతకం చెల్లదు. పెళ్ళానివి.”

“నాకంటే బాగా ఎవరికి తెలుసని?” అని నవ్వి, అతని మొహం చూసి నవ్వు ఆపేసింది. “బెక్తూర్‌తో ముందు చెప్పు. కాగితంలో చదవనివ్వకు.”

అతను మెట్లెక్కుతూ ఎన్నో వాక్యాలు సిద్ధం చేసుకున్నాడు. చరిత్ర, సంప్రదాయం, పెద్దల బాధ్యత అన్నీ వచ్చాయి వాటిలో. గదిలో ఆరుగురూ, జనార్‌తో ఏడుగురు, తనకేసి చూసేసరికి అన్నీ మాయమయ్యాయి.

“నేను ఆ పేటెంట్ చదవలేదు,” అన్నాడు. “పేరు చూశానంతే.”

“మరి ఎందుకు రాశారు?” అంది జనార్, పెన్ను మూత తీస్తూ.

“కడుపుమంట.”

దానియార్ గట్టిగా ఊపిరి వదిలాడు. “హమ్మయ్య. బైకే, ఇదా సంగతి! మాకు తెలియదనుకున్నారా?”

“ఏం తెలుసు?”

“పదేళ్ళ కిందట సిగరెట్లు మానేశారు మీరు. బెక్తూర్‌ని ఎవరైనా మెచ్చుకుంటే మాత్రం ‘సిగరెట్ కాల్చుకొస్తాను’ అని బయటికి పోతారు. వాడు టాలిన్ వెళ్ళిన వారం మొత్తం మీరు ఆ మెట్ల మీదే కాపురమున్నారు.”

“వాడి ఫొటో గోడకి పెడితే, మేకు వదులుగా ఉందని రోజూ తీసి పక్కన పెట్టేవారు,” అంది బెగిమాయ్. “నేను మూడు మేకులు మార్చాను.”

ఒక్కొక్కరూ ఒక్కోటి చెప్పారు. జనార్ అన్నీ రాసుకుంది. ఆ కాగితం నిండుతుంటే తొలోముష్‌కి ఒళ్ళంతా చీమలు పాకినట్టయింది. మూడేళ్ళు లోపలి చొక్కాలా దాచుకున్నాననుకున్నాడు. చూడబోతే పైన కోటులా తొడుక్కునే తిరిగాడు. అందరూ చూశారు, ఎవరూ అనలేదు. మర్యాద అన్నమాట. అంత మర్యాద చేసినందుకు వాళ్ళ మీద కూడా ఓ క్షణం మండింది.

బెక్తూర్ ఒక్కడే ఏమీ చెప్పలేదు.

“నువ్వు?” అంది జనార్. “నువ్వేం గమనించావు?”

“నేనేం గమనించలేదు,” అన్నాడు వాడు. “నేను నమ్మాను.” తొలోముష్ కేసి తిరిగాడు. “బైకే చదివారంటే చదివారనే అనుకున్నాను. చదవడం తప్పు కాబట్టి నేను దాన్ని తెరిచి చూడలేదు. నాకు తట్టింది ఎవరో ముందే కట్టేశారని, నేను ఎత్తుకొచ్చానని మూడేళ్ళు అనుకున్నాను. టాలిన్‌లో నాది కాదని చెబితే చప్పట్లు కొట్టారు. నేను ఒప్పుకోవడానికి చెప్పాను, వాళ్ళు వినయమనుకున్నారు.”

తొలోముష్ వాడి ముందుకొచ్చి నిలబడ్డాడు.

“తిట్టరా,” అన్నాడు.

“మిమ్మల్ని ఏమని తిట్టాలి?” అన్నాడు బెక్తూర్. వాడి గొంతులో మొదటిసారి కాస్త పదును తగిలింది. “ఇంతకీ అది నాదో కాదో చెప్పగలరా మీరు? చెప్పలేరు. మీరూ చదవలేదుగా.”

జనార్ పెన్ను కింద పెట్టింది. “ఎవరో ఒకరు చదవాల్సిందే. ప్రమాణపత్రం ఒక కాలే విరగ్గొడుతుంది. రెండో కాలు, అసలు ఈ రెండూ ఒకటా కాదా అన్నది. చీపురు కట్టడం లోపల్నుంచి తెలిసినవాళ్ళే తేల్చాలి. కానీ చదివినవాళ్ళు మళ్ళీ జన్మలో కెర్బెన్‌లో ఊడ్చే భాగం ముట్టుకోకూడదు. ఒక్క అక్షరం కూడా. కళ్ళు అటు పడితే చేతులు ఇటు పడకూడదు.”

బెగిమాయ్ స్క్రీన్ కేసి చూసింది. నూట అరవై ఒకటి. ఆ పైన, బాధ్యులు అన్నచోట, రెండు రోజుల కిందట వచ్చిన పేరు.

ఆ పేరు కోసమే తొలోముష్ మూడేళ్ళు పడిగాపులు పడ్డాడు. చేతిలో ఉంది. కదలకుండా కూర్చుంటే చచ్చేదాకా ఉంటుంది. అతను లేచి, తన కంప్యూటర్ దగ్గరికి వెళ్ళి, తన పేరు తీసేశాడు. ఆ చోటు ఖాళీగా ఉండిపోయింది.

“ఇవ్వమ్మా ఆ పదిహేడూ,” అన్నాడు.

*

శుక్రవారం వాళ్ళకి చివరి గది ఇచ్చారు. పాత కీబోర్డులు, విరిగిన కుర్చీలు పడేసే గది. తలుపు మీద బెగిమాయ్ ‘ఎవరూ లోపలికి రావద్దు, తొంగి కూడా చూడొద్దు’ అని రాసి అంటించింది. జనార్ ఒక చివర, తొలోముష్ ఒక చివర కూర్చున్నారు. మధ్యలో పేటెంట్, దాని పక్కన బెక్తూర్ కోడ్ అచ్చువేసిన కాగితాలు.

చదవడం అంత తేలిక కాలేదు. రాసినవాడు ఒక్కో వాక్యాన్ని గుర్రపు తోకలా వదిలేశాడు. నాలుగో పేజీలో మొదలైన వాక్యం ఐదో పేజీలో చుక్క దొరక్క ఇంకా పరిగెత్తుతోంది. తొలోముష్ రూలుకర్ర పెట్టుకుని వరస కింద వరస దిగాడు. ఒక్కో మెట్టుకీ పెన్సిల్‌తో అంకె వేశాడు. అసలైన ఆశ అతనికి ఒకటే ఉంది. ఎక్కడో ఒకచోట రెండూ కలవాలి. కలిస్తే తను రాసింది అబద్ధమే అయినా, జరిగింది నిజమవుతుంది. వాడు ఎత్తుకొచ్చినట్టే అవుతుంది.

పదకొండింటికి రెండో మెట్టు దాటాడు. పేటెంట్ వాడు అందరినీ ఒక్క రెప్పపాటు ఆపి, ఏ వస్తువు ఎవరి చేతిలో ఉందో పట్టీ రాసుకుంటాడు. ఆ పట్టీ చూసుకుని ఊడుస్తాడు. మిగతా మెట్లన్నీ ఆ పట్టీ మీదే నిలబడ్డాయి.

“బెక్తూర్‌ది?” అంది జనార్.

“చూస్తున్నాను.”

అతను బెక్తూర్ కోడ్ కాగితాలు ముందుకి లాక్కున్నాడు. మూడేళ్ళలో దాన్ని వంద సార్లు చూశాడు, ఎక్కడ తప్పుందా అని. ఏం చేస్తోందో ఎన్నడూ చూడలేదు. ఇప్పుడు వరసగా చదివాడు. పట్టీ కోసం వెతికాడు. మొదటి పేజీలో లేదు. రెండో పేజీలో లేదు. మూడో పేజీలో ఆగిపోయాడు. వెనక్కి వెళ్ళాడు. మళ్ళీ ముందుకొచ్చాడు. పెన్సిల్ బల్ల మీద పెట్టేశాడు.

అసలు పట్టీయే లేదు. వస్తువుని ఆఖరిసారి వాడినవాడే పోతూ పోతూ దాన్ని గుమ్మం దగ్గర వదిలి పోతాడు. చీపురు గుమ్మాలు మాత్రమే చూసుకుంటుంది. ఎవరినీ ఆపదు, ఎవరినీ అడగదు. ఇంత సులువా? ఇంత సులువైనది తను పదిహేనేళ్ళు ఊడుస్తూ కూడా… ముప్ఫై అయిదేళ్ళుగా చూసిన చీపుర్లన్నీ ఒకదాని వెనక ఒకటి అతని కళ్ళ ముందు తిరిగాయి. ఇన్‌స్టిట్యూట్‌లోవి, మాస్కో వాళ్ళవి, పుస్తకాల్లోవి. వాటిల్లో ఎక్కడా ఇది లేదు.

ఇన్నాళ్ళూ మండింది మంటే కాదని అప్పుడు తెలిసింది. ఇన్నాళ్ళూ వాడి పేరు చూసి, వాడి ఎముక చూసి, వాడి చప్పట్లు విని మండాడు. ఇప్పుడు వాడి పని చూసి మండుతున్నాడు. ఇది వేరే జాతి నిప్పు. దీనికి బయటికెళ్ళి నిలబడితే ఉపశమనం లేదు.

“ఆగా, ఏమైంది? ఒంట్లో బాగానే ఉందా?”

“రాసుకో,” అన్నాడు. “రెండో మెట్టు దీంట్లో లేదు. రెండో మెట్టు లేదు కాబట్టి మూడు నుంచి తొమ్మిది దాకా ఏదీ లేదు. ఎందుకు లేదో చెబుతాను, బొమ్మ వేసుకో.”

రెండు గంటలు చెప్పాడు. జనార్ ఆపి అడిగిందల్లా మళ్ళీ చెప్పాడు. గుమ్మం అంటే ఏమిటి, వదలడం అంటే ఏమిటి, ఇద్దరు ఒకేసారి వదిలితే ఏమవుతుంది, అదెంత చిత్రంగా కుదిరిందో. చెబుతూ చెబుతూ లేచి నిలబడ్డాడు, చేతులు ఊపాడు, ఒకచోట బల్ల మీద గుద్దాడు. కెర్బెన్ మొత్తంలో ఆ చీపురు గొప్పతనం ఇంత వివరంగా ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు. వినాల్సినవాడు రెండు గదుల అవతల ఉన్నాడు. వాడికి చెప్పే హక్కు ఇతనికి లేదు, అడిగే హక్కు వాడికి లేదు. కాగితం కవరులో పెట్టి సీలు వేసి పంపించేస్తారు.

“ఆఖరి ప్రశ్న,” అంది జనార్. “‘మీ వృత్తి జీవితంలో ఈ పద్ధతిని ఇంతకుముందు ఎక్కడైనా చూశారా?’ ఇది మీ చేత్తో మీరే రాయాలి.”

ఆమె కాగితం ఇటు తిప్పింది. అతను పెన్ను తీసుకుని, చాలాసేపు దాని మూత తిప్పుతూ కూర్చున్నాడు. తర్వాత వంగి రాశాడు. ఒక వాక్యం. ఆగి, ఇంకో వాక్యం. సంతకం పెట్టి కాగితం ఆమె ముందుకి తోశాడు.

జనార్ పైకి చదివింది. “‘లేదు, ఎక్కడా చూడలేదు. ఇది నాకు తట్టి ఉంటే బాగుండేది.’” కళ్ళజోడు పైకి తోసుకుంది. “ఆగా, రెండో వాక్యం ప్రశ్నలో లేదు. కోర్టుకి అనవసరం. కొట్టేద్దామా?”

“కొట్టెయ్యకు,” అన్నాడు తొలోముష్. “మొదటిది నిజమని వాళ్ళు నమ్మాలంటే రెండోది ఉండాలి.”